ఒకే మొక్క - దేశానికో చట్టం

ఇప్పుడు మన దేశంలో హెంప్ గింజలు, వాటి నూనె, వాటి పిండి దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. నడుము నొప్పికని, నిద్ర పట్టడానికని ‘విజయ’ పేరుతో ఆయుర్వేద తైలాలు, మందులు కూడా దొరుకుతున్నాయి. డబ్బా మీద లైసెన్సు నంబరు ఉంటుంది, కొన్నందుకు బిల్లు ఉంటుంది. అదే డబ్బా పెట్టెలో పెట్టుకుని గల్ఫ్ విమానాశ్రయంలో దిగితే మాత్రం మాదకద్రవ్యాల కేసు కావచ్చు. హెంప్ అన్నా, విజయ అన్నా గంజాయి మొక్కే. అక్కడ సరుకు, ఇక్కడ నేరం! ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? క్యాంపు ఆఫీసుల్లో కాగితాల పని చూసుకునే మేము ఆ చరిత్రను తోటి కార్మిక సోదరుల ముందు పెడుతున్నాం.

పేరుతోనే చిక్కు

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషులో నార ఇచ్చే మొక్కలు చాలావాటికి హెంప్ అనే పేరు తగిలించారు. మన జనుమును సన్ హెంప్ అంటారు. గోగును దక్కన్ హెంప్ అంటారు. విశాఖ జిల్లా భీమునిపట్నం పేరు మీద బిమ్లీ జూట్ అని కూడా అన్నారు. గోగు ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుంది కాబట్టి దాని శాస్త్రీయ నామంలో ‘కన్నాబినస్’ అనే మాట చేరింది. అంతవరకే. జనుములో గానీ, గోగులో గానీ మత్తు లేదు. గోంగూర పచ్చడికి ఈ చట్టాలతో సంబంధం లేదు. మనం ఇక్కడ చెప్పుకునే హెంప్ వేరు. మత్తు పదార్థమైన టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండే గంజాయి మొక్క రకం అది.

1893 నాటి కమిషన్

ఈ మొక్క నుంచి మూడు సరుకులు వస్తాయి. ఆకుతో చేసేది భంగు. ఆడ మొక్క పూత కొసలు గంజాయి. జిగురు తీస్తే చరస్. తెల్లవాళ్ల పాలనలో వీటి మీద సర్కారుకు పన్ను వచ్చేది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో లైసెన్సు మీదే సాగు జరిగేది. మద్రాసు రాష్ట్రంలో మన కృష్ణా జిల్లాలోనూ సాగు ఉండేది.

గంజాయి వల్ల జనం పిచ్చివాళ్లవుతున్నారని, నిషేధించాలని 1893లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. అదే ఏడు ప్రభుత్వం మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురితో కమిషన్ వేసింది. అందులో ముగ్గురు భారతీయులు. వారు దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు కూడా తిరగేశారు. రోగి ఎందుకు పిచ్చివాడయ్యాడన్న కాలమ్‌లో ‘గంజాయి’ అని ఉన్నచోట లోతుగా చూస్తే, చాలా కేసుల్లో పోలీసు కాగితాల్లో ఉన్న మాటనే విచారణ లేకుండా ఎక్కించినట్టు తేలింది. గుమస్తా రాసిన ఒక్క మాట ఎంత దూరం పోతుందో మాబోటి వాళ్లకు బాగా తెలుసు.

1894లో కమిషన్ నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితే హాని ఉందని, పూర్తి నిషేధం అక్కరలేదని, లైసెన్సులు, పన్నులతో అదుపు చేయాలని చెప్పింది. పన్ను రాబడి మీద సర్కారుకున్న ఆశ కూడా ఆ తీర్పు వెనుక ఉందని అన్నవారున్నారు. ఏదేమైనా ‘భంగు వేరు, గంజాయి వేరు’ అనే ఆలోచన మన చట్టాల్లో అప్పటి నుంచీ నిలబడింది.

జెనీవాలో ఈజిప్టు మాట

అరబ్బు దేశాల దారి వేరు. ఈజిప్టు 19వ శతాబ్దంలోనే హషీష్‌ను నిషేధించింది. 1924-25లో జెనీవాలో నల్లమందు మీద అంతర్జాతీయ సభ జరిగినప్పుడు ఈజిప్టు ప్రతినిధి ఎల్ గిండీ లేచి, హషీష్‌ను కూడా ఆ ఒప్పందంలో చేర్చాలని పట్టుబట్టాడు. అలా గంజాయి మొదటిసారి అంతర్జాతీయ ఒప్పందంలోకి ఎక్కింది. కానీ అందులో రాసిన నిర్వచనం పూత కొసల వరకే పరిమితమైంది. ఆకు ఆ నిర్వచనంలో లేదు.

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. అందులోనూ కొసలు లేకుండా ఉన్న ఆకును, గింజను గంజాయి నిర్వచనం నుంచి తప్పించారు. నార కోసం, గింజల కోసం చేసే సాగును విడిచిపెట్టారు. మత్తుకు గంజాయి వాడే అలవాటును 25 ఏళ్లలో మాన్పించాలని గడువు పెట్టారు. ఆ గడువు తీరకముందే 1985లో మన పార్లమెంటు ఎన్డీపీఎస్ చట్టం చేసింది. గంజాయి, చరస్ నేరమయ్యాయి. ఇప్పుడు 20 కిలోలకు మించి గంజాయి దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష పడుతుంది. విశాఖ మన్యంలో 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు తోటలు నరికించింది ఈ చట్టం కిందనే. అదే చట్టం ఆకును, గింజను వదిలేసింది. అందుకే కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో భంగును లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు. ఔషధ నిబంధనలు మాత్రం భంగు కలిసిన ఆయుర్వేద మందును వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలంటున్నాయి.

గీత జరుగుతూనే ఉంది

2018లో ఉత్తరాఖండ్ పారిశ్రామిక హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజలను ఆహారంగా గుర్తించింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. డబ్బాల మీద మనం చూసే లైసెన్సు నంబర్ల వెనుక ఉన్న కథ ఇదే.

అమెరికాలోనూ అంతే. 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న మొక్కను హెంప్ అంది. ఆ సందు చూసుకుని మత్తెక్కించే మిఠాయిలు, పానీయాలు కూడా ‘హెంప్ సరుకు’ పేరుతో అంగళ్లకు వచ్చేశాయి. కొన్ని రాష్ట్రాలు నిషేధం పెట్టాయి. చివరకు 2025 నవంబరులో అక్కడి కాంగ్రెసు, ఏడాది గడువిచ్చి, డబ్బాకు 0.4 మిల్లీగ్రాముల హద్దు పెడుతూ చట్టం చేసింది. ఏడేళ్లు చట్టం అనుమతించిన సరుకుకే మళ్లీ సంకెళ్లు పడ్డాయన్నమాట.

గల్ఫ్‌లో సంగతి

ఇక మనం బతుకుతున్న చోటు. గల్ఫ్ చట్టాల్లో భంగుకు మన దేశంలో ఉన్న మినహాయింపు లేదు. పక్క దేశంలో ఇచ్చిన లైసెన్సు ఇక్కడి జడ్జీకి సాక్ష్యం కాదు. యూఏఈలో 1995 నాటి 14వ నంబరు చట్టం మత్తు పదార్థం వాడినవారికి కనీసం నాలుగేళ్ల జైలు పెట్టింది. 2008లో ఒక బ్రిటిష్ ప్రయాణికుడికి దుబాయ్ కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. బూటు అడుగున అంటుకున్న గంజాయి 0.003 గ్రాములు! కంటికి ఆనేంత కూడా కాదు. అదే ఏడు అతనికి క్షమాభిక్ష దొరికింది.

2016లో ఆ కనీస శిక్షను రెండేళ్లకు తగ్గించారు. 2022 జనవరి నుంచి అమలైన కొత్త చట్టం మొదటిసారి పట్టుబడినవారికి మూడు నెలల జైలు గానీ, జరిమానా గానీ చాలంది. టీహెచ్‌సీ కలిసిన తిండి, పానీయాలు సొంతానికి తెచ్చుకుని మొదటిసారి దొరికితే జైలు లేకుండా సరుకు లాక్కుని నాశనం చేస్తారు. అయితే ఇది యూఏఈ మాట మాత్రమే. సౌదీ వంటి దేశాల్లో మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష ఉంది. 2022 నవంబరులో అక్కడ ఆ కేసుల్లో మళ్లీ మరణశిక్షల అమలు మొదలైంది. పంచేందుకు తెచ్చారా, వాడుకునేందుకా అన్నది మనం చెప్పేది కాదు, కోర్టు తేల్చేది.

ఈ నూట ముప్పై ఏళ్ల చరిత్ర చెప్పేది ఒకటే. ఏది మత్తు, ఏది మందు, ఏది తిండి అన్న గీత మొక్క మీద లేదు. ఒక్కో సర్కారు తన అవసరాన్ని బట్టి, తన భయాన్ని బట్టి గీసుకుంది. అవసరం మారినప్పుడల్లా చెరిపి మళ్లీ గీసింది. ఆ గీత దేశం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. వీసా కోసం అప్పు చేసి వచ్చిన మనిషి ఆ గీత తెలియక దాటితే, అప్పు ఊళ్లో వడ్డీతో పెరుగుతుంది, మనిషి ఇక్కడ కటకటాల వెనుక ఉంటాడు.

అందుకని సెలవు మీద వెళ్లినవారు నొప్పి తైలమైనా, బలానికి ఇచ్చే పొడి అయినా డబ్బా మీది పేర్లు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. హెంప్, విజయ, భంగు, కన్నాబిస్, సీబీడీ అనే మాటల్లో ఏది కనబడినా ఊళ్లోనే వదిలి రండి. గసగసాలదీ ఇదే కథ. మన కూరలో మసాలా దినుసు, ఇక్కడ నల్లమందు మొక్క గింజ. ఎవరైనా మూట ఇస్తే విప్పి చూడనిదే పెట్టెలో పెట్టకండి. ఇచ్చినవారు నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి.