పేద రైతుకు సుస్థిర సాగు శిక్షణ: ఛోటానాగపూర్ నుంచి క్రైస్తవ సేవాసంస్థల శతాబ్ది అనుభవం

బారిడీహ్ (జంషెడ్‌పూర్): ఉక్కు నగరం జంషెడ్‌పూర్ తూర్పు భాగాన ఉన్న బారిడీహ్ దాటి పట్టణపు పొలిమేర విడిచిన కొంత దూరానికే జీవనాధారం మారిపోతుంది. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని పోట్కా, పటమ్దా, బోరామ్ వంటి బ్లాకులలో ఎర్ర నేలలు, ఎత్తుపల్లాల భూములు, వాన మీదే ఆధారపడిన వరి సాగు కనిపిస్తాయి. ఏడాదికి సగటున 1,200 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసినా, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే పడి, వాలు వెంట వాగులలోకి జారిపోతుంది. వరి కోత ముగిసిన తరువాత చాలా పొలాలు బీడుగా మిగులుతాయి. ఇంట్లో పనిచేయగలవారు కూలి కోసం పట్టణాల బాట పడతారు.

ఈ స్థితిని మార్చేందుకు ప్రభుత్వ వ్యవసాయ విజ్ఞాన కేంద్రాలు, రాంచీలోని రామకృష్ణ మిషన్, ప్రదాన్ వంటి స్వచ్ఛంద సంస్థలతో పాటు క్రైస్తవ సేవాసంస్థలు కూడా దీర్ఘకాలంగా రైతులకు శిక్షణ ఇస్తున్నాయి. ఆ ప్రయత్నాలు ఎక్కడ ఫలించాయి, ఎక్కడ పరిమితులకు లోనయ్యాయి అన్నది ఈ వ్యాస విషయం.

సుస్థిర సాగు అంటే

నేల సారాన్ని, నీటిని, విత్తనాన్ని తరువాతి తరానికి తగ్గకుండా అందించే సాగే సుస్థిర సాగు. పేద రైతు దృష్టిలో దీనికి మరింత సూటి అర్థం ఉంది. కొని తెచ్చే ఎరువులు, పురుగుమందుల ఖర్చు తగ్గాలి, ఒక పంట పోయినా మరో పంట తిండి పెట్టాలి, అప్పు పెరగకూడదు. కంపోస్టు తయారీ, మిశ్రమ పంటలు, సొంత విత్తనం దాచుకోవడం, గట్లు వేసి వాన నీటిని నిలపడం, పెరటి కూరగాయలు, కోళ్లు, మేకల పెంపకం వంటివి ఇటువంటి శిక్షణలలో సాధారణంగా కనిపించే అంశాలు.

ముందు భూమి, తరువాత అప్పు

ఛోటానాగపూర్‌లో ఈ కృషికి పునాది వేసినవారిలో జెస్యూట్ సభకు చెందిన జర్మన్ ఫాదర్ జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్ ముఖ్యులు. ముండా భాషా సంస్కృతులపై సాధికారికమైన ‘ఎన్‌సైక్లోపీడియా ముండారికా’ రూపకర్తగా ఆయన ప్రసిద్ధులు. బిర్సా ముండా నాయకత్వాన సాగిన తిరుగుబాటు అనంతరం, 1908లో ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆదివాసీ భూములు ఆదివాసేతరుల చేతికి పోకుండా ఆంక్షలు విధించిన ఈ చట్టం రూపకల్పనలో హాఫ్‌మన్ పాలుపంచుకున్నారు.

మరుసటి సంవత్సరం, 1909లో, ఆయన రాంచీ కేంద్రంగా ఛోటానాగపూర్ కాథలిక్ సహకార పరపతి సంఘాన్ని స్థాపించారు. వడ్డీ వ్యాపారి పట్టు నుంచి రైతును విడిపించడమే దాని ఉద్దేశం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ పౌరుడన్న కారణంగా 1915లో హాఫ్‌మన్ భారతదేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. సంఘం మాత్రం నిలిచింది.

ఈ వరుసక్రమంలోనే ఒక పాఠం ఉంది. భూమి చేజారిపోతూ ఉన్న రైతుకు, పంట కోతకు ముందే ధాన్యం తాకట్టు పెట్టుకున్న రైతుకు కొత్త సాగు పద్ధతి నేర్పి ప్రయోజనం స్వల్పం. గట్టు వేసి నేలను బాగుచేసినవాడికే ఆ నేల దక్కుతుందన్న భరోసా ముందుగా ఉండాలి.

బడి నుంచి పొలానికి

వ్యవసాయ విద్యలో తొలి ప్రయత్నాలకు అలహాబాద్ వేదిక అయింది. అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషనరీ శామ్ హిగిన్‌బాటమ్ అక్కడ 1910లో స్థాపించిన వ్యవసాయ సంస్థ నేడు ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయంగా కొనసాగుతోంది. మెరుగైన నాగలి, పశుపోషణ, నేల కోత నివారణ వంటి అంశాలను అది పాఠ్యాంశాలుగా తీర్చిదిద్దింది.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ ‘శ్రీ’ వరి సాగు. దీని పుట్టిల్లు మడగాస్కర్. ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ ఆన్రీ ద లొలానియే 1961 నుంచి అక్కడి పేద రైతుల మధ్య పనిచేశారు. అంత్సిరాబే పట్టణంలో గ్రామీణ యువకుల కోసం నడిపిన వ్యవసాయ పాఠశాలలో, 1983లో వానలు సకాలంలో రాకపోవడంతో, మామూలు కంటే చాలా లేత నారును నాటవలసి వచ్చింది. ఆ మొక్కలు అనూహ్యంగా ఎక్కువ పిలకలు వేశాయి. ఆ గమనికే క్రమంగా ఒక పద్ధతిగా రూపొందింది. 8 నుంచి 12 రోజుల నారును, కుదురుకు ఒక్క మొక్క చొప్పున, 25 సెంటీమీటర్ల ఎడంతో నాటడం, పొలంలో నీరు ఎప్పుడూ నిలపకుండా ఆరుతడి పెట్టడం, కలుపు యంత్రంతో మట్టిని కదిలించడం, సేంద్రియ ఎరువు వాడడం దీని సూత్రాలు. ఎకరాకు సుమారు 2 కిలోల విత్తనం సరిపోతుంది.

2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతిని రైతుల పొలాల్లో పరీక్షించింది. 2006లో ‘శ్రీ’ సాగుపై తొలి జాతీయ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. అయితే అత్యధిక దిగుబడుల వాదనలను అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలతో సహా పలువురు ప్రశ్నించారు. లేత నారు నాటే నైపుణ్యం, సకాలంలో కలుపుతీతకు కూలీలు, నీటిపై అదుపు లేనిచోట రైతులు ఈ పద్ధతిని వదిలేయడమో, కొన్ని అంశాలనే పాటించడమో జరిగింది.

నేలను బట్టి పద్ధతి

ఝార్ఖండ్ రైతు తన భూమిని ‘టాండ్’ అనే మెరక, ‘దోన్’ అనే పల్లపు నేలగా విభజించుకుంటాడు. నీరు నిలిచే దోన్‌లో వరి పండుతుంది. టాండ్ మీద వాన ఆగదు. కనుక పల్లానికి పనికొచ్చిన పాఠం మెరకకు పనికిరాదు.

వాలు నేలల సాగుకు ఫిలిప్పీన్స్‌లోని మిందనావో బాప్టిస్టు గ్రామీణ జీవన కేంద్రం ఒక మార్గం చూపింది. 1971లో మొదలైన ఈ కేంద్రంలో హెరాల్డ్ వాట్సన్ బృందం సమోన్నత రేఖల వెంట నత్రజనిని స్థిరపరచే పొదలను దగ్గర దగ్గరగా నాటి, వరుసల మధ్య ఆహార పంటలు వేసే విధానాన్ని అభివృద్ధి చేసింది. కత్తిరించిన ఆకు ఎరువవుతుంది, పొద మట్టిని ఆపుతుంది. మూడు కర్రలు, ఒక తాడు, వేలాడే రాయితో చేసుకున్న చట్రంతో రైతే సమోన్నత రేఖ గీసుకోవచ్చు. వాట్సన్‌కు 1985లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. దాదాపు అదే కాలంలో, వరుసలలో ప్రధానంగా వాడిన సుబాబుల్‌ను ఒక పీల్చు పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. దాంతో పలు జాతుల పొదలను కలిపి నాటడం మొదలైంది. ఒకే మొక్కపై ఆధారపడరాదన్న హెచ్చరిక సుస్థిర సాగుకు కూడా వర్తించింది.

ఛోటానాగపూర్ పీఠభూమిలో ప్రదాన్ సంస్థ ప్రచారం చేసిన ‘5 శాతం’ నమూనా కూడా ఇటువంటిదే. ప్రతి మడిలో 5 శాతం స్థలంలో చిన్న గుంత తవ్వి వాన నీటిని నిలుపుతారు. వానల మధ్య విరామం వచ్చినప్పుడు ఆ నీరు వరిని కాపాడుతుంది. పద్ధతిని ఏ సంస్థ తెచ్చిందన్న దానికంటే, అది ఆ మడికి సరిపోతుందా అన్నదే ముఖ్యం.

పందెం రైతుదే

కొత్త పద్ధతి విఫలమైతే శిక్షకుడి జీతం ఆగదు. రైతు ఇంట్లో గింజలు అయిపోతాయి. పేద కుటుంబానికి ప్రయోగమంటే ఏడాది తిండిని పందెం ఒడ్డడమే. సాహసించని రైతును ఛాందసుడిగా చూసే శిక్షణ ఈ వాస్తవాన్ని విస్మరిస్తుంది.

అందుకే ఇటీవలి కార్యక్రమాలు రైతునే పరిశోధకుడిగా నిలబెడుతున్నాయి. 2011 నుంచి కారిటాస్ సంస్థలు బంగ్లాదేశ్, భారత్, నేపాల్‌లలో చేపట్టిన సాఫ్‌బిన్ కార్యక్రమంలో చిన్న రైతులు బృందాలుగా ఏర్పడి, తమ పొలాల్లో విత్తనాలను, పద్ధతులను పోల్చి చూశారు. జపాన్‌లోని తొచిగి రాష్ట్రంలో 1973లో తొషిహిరో తకామి స్థాపించిన ఆసియా గ్రామీణ సంస్థలో, ఆసియా, ఆఫ్రికా దేశాల గ్రామ కార్యకర్తలు నెలల తరబడి కలిసి సేంద్రియ సాగు చేస్తూ, తాము పండించినదే తింటూ నేర్చుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా సంఘాల ద్వారా, అనుభవం గల రైతులతోనే తోటి రైతులకు నేర్పిస్తోంది.

సేవకు మతం షరతు కారాదు

క్రైస్తవ సంస్థల శిక్షణపై తరచూ వచ్చే ప్రశ్న మతమార్పిడి గురించినది. 1994లో రెడ్‌క్రాస్, కారిటాస్ అంతర్జాతీయ సమాఖ్య తదితర సంస్థలు విపత్తు సహాయం కోసం ఆమోదించిన ప్రవర్తనా నియమావళి, సహాయాన్ని మతవిశ్వాసంతో ముడిపెట్టరాదని, దానిని మత ప్రచారానికి వాడరాదని స్పష్టం చేసింది. బలవంతంతో గానీ, ప్రలోభంతో గానీ మతం మార్పించడాన్ని ఝార్ఖండ్ 2017లో చట్టం ద్వారా నిషేధించింది. విదేశీ విరాళాలను 2010 నాటి చట్టం నియంత్రిస్తుంది; ఆ విరాళాలను ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడాన్ని 2020 సవరణ నిషేధించింది. పెద్ద సంస్థల ద్వారా విదేశీ నిధులు పొందుతూ వచ్చిన చిన్న గ్రామీణ సంస్థలకు ఆ మార్గం మూసుకుపోయింది.

చట్టం సంగతి అటుంచినా, ఇందులో సాగుకు సంబంధించిన కారణం కూడా ఉంది. వాన నీరు విశ్వాసాన్ని బట్టి పారదు. పైమడి రైతు గట్టు వేయకుంటే కిందిమడి కోసుకుపోతుంది. ఊరంతా కలిస్తేనే నేల నిలుస్తుంది.

చేరే ముందు తెలుసుకోవలసినవి

శిక్షణలో చేరదలచిన రైతు బృందాలు కొన్ని విషయాలు ముందే అడగడం మేలు. ఈ పద్ధతిని ఇటువంటి నేలలో, ఇంతే వానతో ఎవరు పాటించారు? వారి పొలం చూడవచ్చా? అదనంగా ఎన్ని కూలి రోజులు కావాలి, ఆ భారం ఇంటి ఆడవారి మీద పడుతుందా? తొలి ఏడాది దిగుబడి తగ్గితే ఆసరా ఏమిటి? శిక్షణ ముగిశాక పంట కాలమంతా ఎవరైనా వచ్చి చూస్తారా? ఇవి తేలినా, మొదటి ఏడాది పొలమంతటా కాక, ఒక చిన్న మడిలో మాత్రమే కొత్త పద్ధతిని వేసి, పక్కనే పాత పద్ధతి కొనసాగించి పోల్చుకోవడం సురక్షితం. తూర్పు సింగ్‌భూమ్ రైతులకు దారిసాయిలోని వ్యవసాయ విజ్ఞాన కేంద్రం సాంకేతిక సలహాలకు అందుబాటులో ఉంది.