చీజ్‌ ప్యాకెట్‌పై ‘234’ ఏంటి? ఉబ్బిన డబ్బా కనిపిస్తే ఏం చేయాలి?

చీజ్‌ ప్యాకెట్‌ వెనక ‘ఐఎన్‌ఎస్‌ 234’ అని ఉంటే కంగారు పడకండి. అది నైసిన్‌. లాక్టోకాకస్‌ లాక్టిస్‌ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చే ప్రిజర్వేటివ్‌.

అసలు దీంతో పనేంటి? కొన్ని బ్యాక్టీరియాలు గట్టి కవచం ఉన్న స్పోర్లుగా మారి, నీళ్లు మరిగే 100 డిగ్రీల వేడినీ తట్టుకుంటాయి. బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు అలాంటివే. వాటిని చంపాలంటే పులుపు లేని డబ్బా ఆహారం లోపలి దాకా 121 డిగ్రీలకు చేరి, సుమారు 3 నిమిషాలు అలాగే ఉండాలి. అంత వేడికి చాలా పదార్థాల రుచి, రూపం పాడవుతాయి. అందుకే కొన్నింటిలో వేడి తగ్గించి నైసిన్‌ కలుపుతారు. వేడికి దెబ్బతిన్న స్పోర్లపై అది మరింత బాగా పనిచేస్తుంది.

అలాగని నైసిన్‌ స్పోర్లన్నింటినీ చంపేయదు. మొలకెత్తినవి ఎదగకుండా ఆపుతుంది, అంతే! లేబుల్‌పై ‘ఫ్రిజ్‌లో ఉంచండి’ అని ఉంటే పాటించాల్సిందే.

డబ్బా ఉబ్బిందా? రుచి కూడా చూడొద్దు. బోటులిజం విషాన్ని వాసనతో, రుచితో పసిగట్టలేం. తెరవకుండానే ఫొటో తీసి, బ్యాచ్‌ నంబరు, బిల్లు దగ్గర పెట్టుకొని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800 112 100కు ఫిర్యాదు చేయండి.