జీపీఏ ఉంటే ఇల్లు మనదైపోతుందా? 1882 నుంచి అసలు కథ

"అన్నా, డబ్బులన్నీ ఇచ్చేశాం, జీపీఏ రాయించుకున్నాం, తాళాలు మా దగ్గరే ఉన్నాయి. ఇల్లు మాదే కదా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు 1882లో ఉంది.

ఆ ఏడాది వచ్చిన ఆస్తి బదిలీ చట్టం, 54వ సెక్షన్ ఏమంటుందంటే, 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టర్ దస్తావేజు ఉండాల్సిందే. అప్పట్లో వంద పెద్ద మొత్తం. ఇప్పుడు ఆ డబ్బుకి జానెడు జాగా కూడా రాదు. అంటే ప్రతి ఇల్లూ ఈ రూల్ కిందికే వస్తుంది.

మరి జీపీఏ అమ్మకాలు ఎందుకు పెరిగాయి? ఢిల్లీ సంగతే చూడండి. అక్కడ లీజు స్థలంలో ఇల్లు అమ్మాలంటే పర్మిషన్ కావాలి, పెరిగిన విలువలో వాటా కట్టాలి. అదీ, స్టాంపు డ్యూటీ తప్పించుకోడానికి అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి చేతులు మార్చేశారు. 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: దీనివల్ల యాజమాన్య హక్కు రాదు.

ఎందుకంటే జీపీఏ అనేది మన తరఫున పని చక్కబెట్టమని ఇచ్చే అధికారం మాత్రమే. పైగా ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. మీ నోటరీ కాగితం అందులో ఉండదు. కాబట్టి అదే ఇంటిని ఇంకొకరికి అమ్మినా, కొనేవాళ్లకి మీ సంగతి తెలీదు.

పాత జీపీఏల ఆధారంగా దస్తావేజు చేయించుకోవచ్చని ఆ తీర్పే చెప్పింది. అందుకే నా మాట ఒక్కటే. అమ్మినాయన బతికుండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లండి. రేపు ఆయన వారసులతో మాట్లాడటం అంత తేలిక కాదు.