పాత్రార్హత నుంచి సమ్మిళిత నృత్యం దాకా: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

శిక్షణ పొందిన నర్తకులు, వివిధ వైకల్యాలున్నవారు, పిల్లలు, వృద్ధులు ఒకే రంగస్థలం మీద సమాన కళాకారులుగా పాల్గొనే ప్రయోగాన్ని సమ్మిళిత నృత్యం అంటున్నారు. ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో పాశ్చాత్య దేశాల్లో రూపుదిద్దుకున్న ఈ ధోరణిని సేవాకార్యక్రమంగానో, చికిత్సా పద్ధతిగానో చూడడం పరిపాటి. కాని 'ఎవరు ఆడవచ్చు?' అన్న ప్రశ్న భారతీయ లక్షణగ్రంథాల్లోనే ఉంది. ఆ ప్రశ్నకు తెలుగు నేల మీద కాలానుగుణంగా వచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వికల దేహాన్ని ఆదరించిన ప్రసిద్ధ కథనాలు ముందుగా ఆ దేహాన్ని సరిచేశాయి. సమ్మిళిత నృత్యం దేహాన్ని కాక నృత్యాన్ని సవరిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించడం నృత్య చరిత్ర రచనకు అవసరం.

లక్షణగ్రంథాల్లో దేహం

నందికేశ్వరుని 'అభినయదర్పణం' కూచిపూడి శిక్షణకు ఆధారగ్రంథాల్లో ఒకటి. దీనిని ఆనంద కుమారస్వామి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కలిసి 1917లో ఆంగ్లంలోకి తెచ్చారు. ఇందులో పాత్ర లక్షణాలతోపాటు, నాట్యానికి పనికిరాని పాత్రకు పది దోషాలు చెప్పబడ్డాయి. కంట్లో పువ్వు వేసినది, జుట్టు లేనిది, పెదవులు లావైనది, స్తనాలు జారినది, మిక్కిలి లావైనది, మిక్కిలి సన్ననిది, మిక్కిలి పొడవైనది, మిక్కిలి పొట్టిది, గూని ఉన్నది, స్వరం లేనిది నాట్యానికి తగరు. అర్హతల్లో యౌవనం ఒకటి. అంటే వయసు, దేహం రెండూ ఇక్కడ కొలతలే.

నాట్యశాస్త్రంలోని గతిప్రచార ప్రకరణం కుంటివాని నడక, పంగువు నడక, వామనుని నడక ఎలా అభినయించాలో వివరిస్తుంది. వైకల్యం అభినయ వస్తువు కావచ్చు. వైకల్యమున్న వ్యక్తి అభినేత్రి కారాదు. ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదివితే తేలే వైరుధ్యం ఇది. వికల దేహపు కదలికను శాస్త్రం పరిశీలించింది, వర్గీకరించింది, కాని దాన్ని మరొక దేహానికి అప్పగించింది.

ప్రయోగంలో సడలింపు

లక్షణం ఒకటి చెబితే ప్రయోగం మరొకటి చేయడం కళాచరిత్రలో కొత్త కాదు. కూచిపూడిలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామగా, ఉషగా ప్రఖ్యాతి పొంది, వార్ధక్యంలోనూ ఆ పాత్రలను అభినయించారు. ఆయన సత్యభామను చూసిన ప్రేక్షకుడు శాస్త్రం అడిగిన యౌవనాన్ని ఆయన దేహంలో వెదకలేదు, అభినయంలో చూశాడు.

ఆంధ్రనాట్య పునరుద్ధరణ మరొక నిదర్శనం. మద్రాసు రాష్ట్రంలో 1947 నాటి దేవదాసీ నిషేధ చట్టం తర్వాత ఆలయ నృత్యం ఆచరణ నుంచి తొలగింది. నటరాజ రామకృష్ణ దాన్ని తిరిగి కూర్చినప్పుడు నాయుడుపేట రాజమ్మ వంటి కళావంతులే ఆధారమయ్యారు. యౌవనవతికే అర్హమన్న విద్య వయసు మీరిన దేహాల జ్ఞాపకంలో నిలిచింది. అయితే ఈ సడలింపులు ప్రతిభావంతులైన కొందరికి దక్కిన మినహాయింపులు. అర్హత నియమాన్ని అవి ప్రశ్నించలేదు.

కుబ్జ నుంచి మయూరి దాకా

పోతన భాగవతం దశమస్కంధంలో మథురా నగర ప్రవేశ సందర్భాన కుబ్జ కనిపిస్తుంది. ఆమె ఇచ్చిన మైపూతకు సంతోషించిన కృష్ణుడు ఆమె వంకరలను సరిచేస్తాడు. భక్తికి ఆమె దేహం అడ్డు కాలేదు. అయినా అనుగ్రహం దేహాన్ని చక్కదిద్దే రూపంలోనే వచ్చింది.

ఆధునిక కాలంలో ఈ కథన రీతికి దగ్గరగా నిలిచేది 'మయూరి' (1985). 1981లో తమిళనాడులో జరిగిన ప్రమాదం వల్ల కాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్ జైపూర్ పాదంతో తిరిగి వేదికనెక్కారు. రామోజీరావు నిర్మాణంలో, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ఈ తెలుగు చిత్రంలో ఆమె పాత్రను ఆమే పోషించారు. శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి. కె. సేఠీ రూపొందించిన జైపూర్ పాదం నేల మీద కూర్చోవడానికి, గొంతుక్కూర్చోవడానికి, చెప్పులు లేకుండా నడవడానికి అనువైనది. మండి, పాదతాడనం ప్రధానమైన నృత్యానికి ఈ గుణం కీలకం.

వికలాంగ నర్తకి స్వయంగా కథానాయిక కావడం తెలుగు తెర మీద గొప్ప ముందడుగు. అయినా చిత్రం సాధించిన విజయం, కృత్రిమ పాదం ఉన్నట్టు తెలియనంతగా ఆడడంలో ఉంది. నృత్యం అలాగే ఉంది, దేహం దాన్ని అందుకుంది. అందుకోలేని దేహాల మాట అక్కడ మిగిలిపోయింది.

నృత్యాన్ని మార్చిన ప్రయోగాలు

వాషింగ్టన్‌లో 1970ల మధ్యకాలంలో లిజ్ లెర్మన్ వృద్ధులను నర్తకులుగా వేదిక మీదికి తెచ్చారు. 1973లో ప్రదర్శన మధ్య గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన నర్తకి సెలెస్ట్ డాండెకర్, ఆడమ్ బెంజమిన్‌తో కలిసి 1991లో లండన్‌లో కాండోకో బృందాన్ని స్థాపించారు. అక్కడ చక్రాల కుర్చీ దాచవలసిన లోపం కాదు. దాని వేగం, భ్రమణం, ఆగే తీరు నృత్య పదజాలంలో భాగం. కాలు చేసే పనిని కుర్చీ అనుకరించదు, తన కదలికను తాను చేస్తుంది. శిక్షిత నర్తకుడూ దానికి అనుగుణంగా తన కదలికను కొత్తగా నేర్చుకోవాలి. మయూరికీ కాండోకోకూ మధ్య ఉన్న తేడా ఇదే.

ఉస్మానియా, తార్నాక: వలయమూ మెట్లూ

ఇటువంటి ఆలోచనకు దేశి సంప్రదాయంలో పునాది లేకపోలేదు. తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆడే బతుకమ్మను ఉదాహరణగా తీసుకోవచ్చు. తెలంగాణ ఉద్యమ కాలంలో అది రాజకీయ సమీకరణ రూపం కూడా అయింది. బతుకమ్మ వలయంలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. ఒంగి చప్పట్లు కొట్టేవారు కొడతారు, నిలబడి కొట్టేవారు నిలబడే కొడతారు. చిన్నపిల్ల అడుగు తప్పినా ఆట చెడదు. చేతనైనంతలో ఆడడమే అక్కడి అర్హత. ఈ వలయానికీ కులం, లింగం వంటి హద్దులు ఉన్నాయన్నది మరువరాదు. అయితే అంగసౌష్ఠవం అక్కడ కొలత కాదు.

అదే ప్రాంగణంలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముంగిట ఎత్తయిన మెట్ల వరుస ఉంది. నేల మీద వలయం అందరినీ పిలుస్తుంటే, జ్ఞాన మందిరపు మెట్లు కొందరినే పిలుస్తాయి. వికలాంగుల హక్కుల చట్టం (2016) 29వ సెక్షన్ నృత్యంలో పాల్గొనే వీలు కల్పించాలని, కళా సంబంధ పాఠ్యక్రమాలను అందరికీ అందేలా తిరిగి రూపొందించాలని చెబుతుంది. ర్యాంపు నిర్మాణంతో తీరే బాధ్యత కాదిది. అడవులను, కరణాలను బోధించే పాఠ్యప్రణాళికే దేహభేదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ముగింపు

అభినయదర్పణం దేహాన్ని వడగట్టింది. కూచిపూడి, ఆంధ్రనాట్య ప్రయోగాలు మినహాయింపులు ఇచ్చాయి. కుబ్జ వృత్తాంతం, మయూరి దేహాన్ని సరిచేశాయి. సమ్మిళిత నృత్యం కొలతనే మార్చింది. ఈ నాలుగు దశలు ఒకదాని తర్వాత ఒకటి అంతరించినవి కావు. నేటి శిక్షణాలయాల్లో, పోటీల్లో, చిత్రాల్లో నాలుగూ కలిసే ఉన్నాయి. అందువల్ల వికలాంగుల నృత్యాన్ని 'స్ఫూర్తిదాయకం' అని మెచ్చుకుని వదిలేసే విమర్శ సరిపోదు. ఆ నృత్యం ఏ కొత్త కదలికను, ఏ కొత్త అర్థాన్ని ఇచ్చిందో వివరించగల పరిభాష తెలుగు నృత్య విమర్శకు కావాలి. పాత్రను నిర్వచించిన శాస్త్రాన్ని బోధించే విశ్వవిద్యాలయాలే అపాత్రలన్న మాటను పునర్విచారించవలసి ఉంది.