ఎజెండాలో మొదటి పద్దు

చీరాల-పేరాల పోరాటం గురించి పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థుల దృష్టి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మీదికీ, 1921లో జనం ఇళ్లు వదిలి రామనగరులో పాకలు వేసుకున్న ఘట్టం మీదికీ పోతుంది. అది సహజమే. కాని యీ త్యాగం వెనుక వొక నీరసమైన ప్రశ్న దాగివున్నది. 1919లో మునిసిపాలిటీ పెట్టి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు, ఆ డబ్బు ముందు దేనికి, తర్వాత దేనికి అని ఆరా తీసే అధికారం ఎవరిది? కౌన్సిలు అన్నది వుండేది, నిజమే. అయితే తమ వూళ్లకు మునిసిపాలిటీ కావాలా అన్న మొట్టమొదటి ప్రశ్నే దాని చేతిలో లేదు.

మన స్థానిక సంస్థల చరిత్రలో తనిఖీ సంఘాల కథ అంతా యీ ముందు వెనుకల కథే.

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో నివేదిక ఇచ్చింది. 1959లో మన రాష్ట్రం పంచాయితీ సమితులకూ, జిల్లా పరిషత్తులకూ చట్టం చేసింది. జిల్లా పరిషత్తుకు స్థాయీ సంఘాలు ఏర్పడినై. చిత్రమేమంటే ఆ స్థాయీ సంఘాలన్నిటికీ అధ్యక్షుడు కలెక్టరే! జిల్లా యంత్రాంగానికి పెద్ద అయిన మనిషి ఎదుట కూర్చుని, ఆ యంత్రాంగం చేసిన పనికి లెక్క అడగాలన్న మాట. కలెక్టర్లలో సహృదయులు లేరని నేననను. అయితే ఏ సంగతి ముందు చర్చకు రావాలో అధ్యక్షస్థానమే నిర్ణయిస్తుంది గదా.

1994 చట్టం యీ లోపాన్ని కొంత సవరించింది. ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, స్త్రీ సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు అని ఏడు సంఘాలు ఏర్పడినై. అధ్యక్షస్థానాలు ఎన్నికైనవారికి దక్కినై. కాని పనులు చేయించేవారూ, ఆ పనులను పరీక్షించేవారూ మళ్లీ వొకరే. ఇంగ్లండులో 2000 సంవత్సరపు చట్టం స్థానిక కార్యవర్గంలో వున్నవారు పరిశీలన సంఘంలో కూర్చోరాదని గీత గీసింది. అక్కడి సంఘాలు యేడాది మొదట్లోనే, ఫలానా నాలుగైదు విషయాలు తరచి చూస్తామని కార్యక్రమం వేసుకుంటవి. అక్కడా అంతా సవ్యంగా వున్నదని కాదు. ఎంచుకోవటం కూడా వొక పని అని మాత్రం వాళ్లు గుర్తించారు.

మన మిరప, పత్తి నేలల్లో యీ ఎంపికకు పంచాంగం భూమే చెబుతుంది. పత్తి విత్తటం జూన్, జూలైల్లో. మిరపనారు పోయటం ఆ వెంటనే. విత్తనం మంచిదా, నకిలీదా అన్న విచారణ మేలో జరిగితే రైతుకు పనికి వస్తుంది. సెప్టెంబరులో జరిగితే సంతాప తీర్మానం మాత్రమే అవుతుంది. 1967లో నీళ్లు వదిలిన సాగరు కుడికాలువ కింద మంచినీటి చెరువులు అనేకం. కాలువ కట్టకముందే చెరువు నిండిందా అని అడగాలి. ఎండలు ముదిరాక అడిగితే సమాధానం ట్యాంకరే. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడు నీళ్లకయితే యే నెలా కాని నెల కాదు.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పు పెరిగింది. పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వొక సంఘం కూర్చుంటే యిది ఆగేదని చెప్పటం అమాయకత్వం. అయినా విత్తనమూ, మందూ, అప్పూ వొకే దుకాణంలో దొరుకుతున్నప్పుడు ఆ దుకాణం లెక్క ముందే అడగవలసినవారు యెవరో వొకరు వుండాలి గదా! రోడ్ల బిల్లులయితే యే సమావేశంలోనూ వెనుకబడవు. వాటికి కాంట్రాక్టర్లు వున్నారు, జ్ఞాపకం చేస్తారు.

నా విద్యార్థి తండ్రి వొకాయన, పల్నాటి మిరపరైతు, తమ వూరి చెరువు సంగతి వస్తుందని వొక సమావేశానికి వెళ్లి బయట వరండాలో నిలబడ్డాడు. చెరువు జాబితాలో చిట్టచివర వున్నదట. భోజనాల వేళకు సభ ముగిసింది. మిగిలినవి వచ్చేసారికి వాయిదా.

"వచ్చేసారంటే యెప్పుడు సార్? కాలువ కట్టేలోపేనా?" అని నన్ను అడిగాడు.