పుదుచ్చేరి మేట్టుపాళయం: తుపాను ముప్పు, ఇంటింటి సన్నద్ధత

పుదుచ్చేరి పట్టణానికి వాయవ్య దిశలో, సముద్రతీరానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న మేట్టుపాళయం పారిశ్రామికవాడకు పేరొందిన ప్రాంతం. తమిళంలో ‘మేడు’ అంటే మిట్ట. ‘పాళయం’ అంటే జనావాసం. పేరులో మిట్ట ఉన్నంత మాత్రాన ఈ పరిసరాలకు నీటి ముప్పు తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుపానులు పుదుచ్చేరి అంతటికీ ప్రధాన ప్రకృతి విపత్తు. తుపాను బలాన్ని గాలి వేగంతో కొలుస్తారు. అయితే ఇంట్లోకి వచ్చి నష్టపరిచేది ఎక్కువగా నీరే. కుటుంబాల సన్నద్ధత ఈ తేడాను గుర్తించి సాగాలి.

మూడు తుపానులు చెప్పిన పాఠం

2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్ల వరకు వీచిన గాలులకు చెట్లు, విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. 2020 నవంబరు 25 అర్ధరాత్రి వేళ నివర్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఈ రెండూ అతి తీవ్ర తుపానులు.

2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన ఫెంగల్, భారత వాతావరణ విభాగం వర్గీకరణలో సాధారణ తుపాను మాత్రమే. గాలి వేగం 90 కిలోమీటర్ల లోపే. కానీ తీరం దాటిన తరువాత అది కొన్ని గంటల పాటు దాదాపు కదలకుండా నిలిచిపోయింది. డిసెంబరు 1 ఉదయానికి 24 గంటల్లో పుదుచ్చేరిలో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఏడాది మొత్తం కురిసే వర్షంలో ఇది సుమారు మూడో వంతు. 20.4 సెంటీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షంగా పరిగణిస్తారు. పట్టణంలోని కృష్ణా నగర్ వంటి పల్లపు ప్రాంతాల్లో ఇళ్లు నీట మునిగాయి. సైన్యం రంగంలోకి దిగి ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించింది.

వాన తగ్గాక కూడా ప్రమాదం తొలగలేదు. తమిళనాడులోని సాత్తనూరు జలాశయం నుంచి భారీగా నీరు విడుదల కావడంతో తెన్‌పెణ్ణై నదికి వరద వచ్చి, దక్షిణాన బాహూరు ప్రాంత గ్రామాలు ముంపునకు గురయ్యాయి. శంకరాపరణి నదీతీర గ్రామాలకు విళుపురం జిల్లాలోని వీడూరు జలాశయం నీటి విడుదలే ప్రధాన సూచిక.

హెచ్చరికను ఎలా అర్థం చేసుకోవాలి

వాతావరణ విభాగం సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు తుపాను అప్రమత్తత, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన తరువాతి పరిస్థితిపై అంచనా వెలువరిస్తుంది. పుదుచ్చేరికే చెందిన తెలుగు ప్రాంతం యానాంలో పరిస్థితి వేరు. అక్కడ గోదావరి వరదకు ధవళేశ్వరం వద్ద 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహాల ఆధారంగా మూడు దశల ప్రమాద హెచ్చరికలు ఉంటాయి. ఎగువన భద్రాచలం నీటిమట్టాన్ని బట్టి ప్రజలకు ముందుగానే అంచనా అందుతుంది. మేట్టుపాళయం వంటి చోట్ల కుండపోత వానకు అంత వ్యవధి దొరకదు. అందువల్ల తుపాను పేరు, గాలి వేగాలతో పాటు వర్షపాత అంచనాను, తుపాను కదిలే వేగాన్ని కూడా గమనించాలి. నెమ్మదిగా కదిలే తుపాను ఎక్కువ వాననిస్తుంది.

వర్షాకాలానికి ముందు

- ఆధార్, రేషన్ కార్డు, పట్టా, బ్యాంకు పుస్తకాలను నీరు చొరని సంచిలో ఎత్తైన చోట ఉంచాలి. వాటి ప్రతులను ఫోనులో భద్రపరచాలి. ఫెంగల్ తరువాత పుదుచ్చేరి ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు కార్డుకు 5,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది.
- ఇన్వర్టర్, మోటారు స్విచ్‌లను నేలకు ఎత్తుగా అమర్చుకోవాలి.
- ఇంటి ముందు కాలువలో చెత్త తొలగించి, ఇంటికి ఆనుకున్న ఎండుకొమ్మలను కొట్టించాలి.

హెచ్చరిక వెలువడిన వెంటనే

- మనిషికి రోజుకు 3 నుంచి 4 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు తాగునీరు, వండనవసరం లేని ఆహారం సిద్ధం చేసుకోవాలి.
- మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధులకు వాడే మందులు వారానికి సరిపడా ఉండాలి.
- మిద్దెపై ట్యాంకును నింపాలి. నిండిన ట్యాంకు గాలికి ఎగిరిపోదు. కరెంటు లేనప్పుడు వాడుకకు నీరూ దొరుకుతుంది.
- భూగర్భ సంపు మూతను గట్టిగా మూయాలి. మరుగుదొడ్డి నుంచి నీరు ఎగదన్నకుండా ఇసుక మూట పెట్టాలి.
- నీరు గడప చేరకముందే మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి. పశువుల పలుపులు విప్పాలి.
- వృద్ధులు, గర్భిణులు, దివ్యాంగులు ఉన్న కుటుంబాలు చీకటి పడకముందే సురక్షిత ప్రాంతానికి చేరాలి.

గాలి తగ్గిన తరువాత

ఒక్కసారిగా గాలి ఆగితే తుపాను వెళ్లిపోయిందని భావించరాదు. తుపాను కేంద్రం దాటాక ఎదురు దిశ నుంచి మళ్లీ గాలి వీస్తుంది. అధికారిక ప్రకటన వచ్చే వరకు ఇల్లు కదలరాదు. ప్రవహించే నీటిలో నడవడం, వాహనం నడపడం ప్రాణాపాయం. తెగిపడిన విద్యుత్ తీగలకు దూరంగా ఉండాలి. పారిశ్రామికవాడల సమీపంలో వరదనీటిలో నూనెలు, రసాయనాలు కలిసే అవకాశం ఉన్నందున పిల్లలను ఆ నీటిలోకి దించరాదు. సంపులోకి వరదనీరు చేరితే పూర్తిగా తోడి శుభ్రపరిచాకే వాడాలి. తాగునీటిని తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరిగించాలి. తడిసిన విద్యుత్ పరికరాలను ఎలక్ట్రీషియన్ పరిశీలించిన తరువాతే వినియోగించాలి. శుభ్రం చేయడానికి ముందే నష్టాన్ని ఫొటోలు తీసి ఉంచితే పరిహార దరఖాస్తుకు ఉపకరిస్తాయి.

అత్యవసర సాయానికి 112, విపత్తు నియంత్రణ కేంద్రాలకు 1070, 1077 నంబర్లలో సంప్రదించవచ్చు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రూపొందించిన ‘సచేత్’ యాప్‌లో ప్రాంతాల వారీగా హెచ్చరికలు అందుతాయి. కరెంటు, ఫోను సంకేతాలు నిలిచిపోయిన వేళ కోసం బ్యాటరీతో పనిచేసే రేడియో ఒకటి ఇంట్లో ఉండటం మేలు.