అయానిక ద్రవాలు: రసాయన పరిశ్రమలో వాడుక

అయానిక ద్రవాలు అంటే పూర్తిగా అయాన్లతోనే ఏర్పడి, 100 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగే లవణాలు. వంట ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. అందులోని సోడియం, క్లోరైడ్ అయాన్లు చిన్నవి, గుండ్రనివి, స్ఫటికంలో బిగువుగా సర్దుకుంటాయి. ఇమిడజోలియం, పిరిడినియం, ఫాస్ఫోనియం వంటి పెద్ద, సౌష్ఠవం లేని ధన అయాన్లకు ఆ పొందిక కుదరదు. అందుకే వాటి లవణాలు కొద్దిపాటి వేడికే కరుగుతాయి, కొన్ని గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవంగా ఉంటాయి. ఇవి దాదాపు ఆవిరి కావు, చాలావరకు తేలిగ్గా అంటుకోవు, విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. అయాన్ల జతను మారిస్తే గుణాలూ మారతాయి.

ఇథనాల్ అమ్మోనియం నైట్రేట్ 55 డిగ్రీల లోపే కరుగుతుందని 1888లో గాబ్రియేల్, వైనర్ ప్రకటించారు. లాత్వియాలో పుట్టిన పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఈథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. చరిత్రకారులు సాధారణంగా ఈ రంగాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అయితే వాల్డెన్ ఉద్దేశం పరిశ్రమ కాదు. కరిగిన లవణాల విద్యుద్వాహకతను మామూలు పరికరాలతో కొలవగలిగితే చాలని ఆయన కోరిక. 1934లో చార్లెస్ గ్రేనాకర్‌కు దక్కిన ఒక అమెరికన్ పేటెంటు, పిరిడినియం లవణాలలో సెల్యులోజు కరుగుతుందని చూపింది. దాన్ని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత టెక్సాస్‌లోని రైస్ ఇన్‌స్టిట్యూట్‌లో హర్లీ, వియర్ అనే ఇద్దరు ఈథైల్ పిరిడినియం బ్రోమైడ్‌ను అల్యూమినియం క్లోరైడ్‌తో కలిపి, గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవంగా ఉండే మిశ్రమం తయారుచేశారు. లోహాల మీద అల్యూమినియం పూత పూయడం వారి లక్ష్యం. 1951లో వెలువడిన ఆ పరిశోధన పావు శతాబ్దం పాటు నిద్రపోయింది.

దాన్ని నిద్ర లేపింది సైనికులు. కొలరాడో స్ప్రింగ్స్‌లోని అమెరికా వైమానిక దళ అకాడమీలో 1963లో లోవెల్ కింగ్ ఉష్ణ బ్యాటరీల మీద పని మొదలుపెట్టారు. క్షిపణుల్లో వాడే ఆ బ్యాటరీల్లో లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్‌ల మిశ్రమాన్ని విద్యుద్విశ్లేష్యంగా వాడేవారు. అది కరగడానికి 350 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అంత వేడి పక్కనున్న పరికరాలకు చేటు. అందుకే కింగ్ బృందం ముందు సోడియం క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ మిశ్రమం వైపు మళ్లింది. అది 107 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తరువాత కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ ఆస్టర్‌యంగ్ బృందంతో కలిసి, హర్లీ, వియర్‌ల బాటలో బ్యూటైల్ పిరిడినియం క్లోరోఅల్యూమినేట్ల మీద పరిశోధన సాగింది. పిరిడినియం అయాన్ సులువుగా క్షయకరణం చెందడం ఒక లోపంగా మిగిలింది. జాన్ విల్క్స్, చార్లెస్ హస్సీ, తదితరులు 1982లో డైఆల్కైల్ ఇమిడజోలియం లవణాలను ప్రవేశపెట్టి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. ఈనాటి ప్రయోగశాలల్లో కనబడే అయానిక ద్రవాల్లో అధిక భాగం ఆ కుటుంబానివే. క్లోరోఅల్యూమినేట్లకు తేమ తగలకూడదు. తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. 1992లో విల్క్స్, జవొరోట్కో ఇద్దరూ గాలికీ నీటికీ తట్టుకునే టెట్రాఫ్లోరోబోరేట్ వంటి లవణాలను తయారుచేయడంతో అయానిక ద్రవాలు మామూలు రసాయనవేత్తల చేతికి అందాయి.

ఫ్రాన్స్‌లో అదే కాలంలో ఇవ్ షొవెన్ ఈ ద్రవాలను ఉత్ప్రేరకాలకు ఆవాసంగా వాడే పద్ధతిని సాధించారు. 2005లో మరో కృషికి నోబెల్ బహుమతి పొందిన షొవెనే ఈయన. ఫ్రెంచ్ పెట్రోలియం సంస్థలో ఆయన రూపొందించిన డిఫాసోల్ ప్రక్రియలో, నికెల్ ఉత్ప్రేరకం క్లోరోఅల్యూమినేట్ ద్రవంలో ఉండి బ్యూటీన్లను ఐసోఆక్టీన్లుగా జత చేస్తుంది. ఉత్పన్నం ఆ ద్రవంలో కరగదు, పైకి తేలుతుంది. ఖరీదైన ఉత్ప్రేరకం కిందే ఉండిపోతుంది. ఆ తరువాత పరిశ్రమకు పనికొచ్చిన చాలా ప్రక్రియలకు ఆధారం ఇదే, అంటే పొరలుగా విడిపోవడం.

మొదటి పారిశ్రామిక వాడుకగా జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. ప్రక్రియను పేర్కొనడం పరిపాటి. అంతకుముందే, 1996లో, అమెరికా కంపెనీ ఈస్ట్‌మన్ కెమికల్ టెక్సాస్‌లోని లాంగ్‌వ్యూలో ఎపాక్సీబ్యూటీన్ నుంచి డైహైడ్రోఫ్యూరాన్ తయారుచేసే ప్లాంటును నడిపింది. ఏడాదికి 1,400 టన్నుల సామర్థ్యం గల ఆ ప్లాంటులో ఫాస్ఫోనియం అయొడైడ్ ద్రవం వాడేవారు. ఉత్పత్తికి గిరాకీ తగ్గడంతో 2004లో అది మూతపడింది. సాంకేతిక లోపం కారణం కాదు.

బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ 2002లో లూడ్విగ్స్‌హాఫెన్‌లో ప్రారంభించిన బాసిల్ ప్రక్రియ ఈ చరిత్రలో అత్యంత చక్కని ఉదాహరణ. కాంతి సోకితే గట్టిపడే ముద్రణ సిరాలు, పూతల్లో వాడే పదార్థాలకు ఆల్కాక్సీ ఫినైల్ ఫాస్ఫీన్లు ముడిసరుకు. వాటి తయారీలో హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. దాన్ని పట్టడానికి ట్రైఈథైల్ అమీన్ వాడేవారు. అలా ఏర్పడే లవణం ఘనరూపంలో చిక్కటి ముద్దగా పేరుకుపోయేది. దాన్ని వడగట్టడమే పెద్ద పని. ఆ అమీన్ స్థానంలో మిథైల్ ఇమిడజోల్ పెట్టగా, ఏర్పడిన లవణం 75 డిగ్రీలకే కరుగుతుంది. చర్య జరిగే వేడికి అది ద్రవంగా అడుగున చేరుతుంది, ఉత్పన్నం నూనె నీటి మీద తేలినట్టు పైన నిలుస్తుంది. మిథైల్ ఇమిడజోల్ అదనంగా చర్యను వేగవంతం కూడా చేసింది. దిగుబడి 50 శాతం నుంచి 98 శాతానికి పెరిగింది. ఘనపు మీటరు రియాక్టరులో గంటకు 8 కిలోల ఉత్పత్తి కాస్తా 6,90,000 కిలోలకు చేరింది. భారీ పాత్ర స్థానంలో బొటనవేలంత రియాక్టరు సరిపోయింది. అడుగున చేరిన లవణాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపి మిథైల్ ఇమిడజోల్‌ను తిరిగి రాబట్టి మళ్లీ వాడతారు. అయానిక ద్రవాన్ని ఎవరూ ముందుగా కొని పోయనక్కరలేదు, చర్యలోనే అది పుడుతుంది. ఖరీదు సమస్యను ఇంత తెలివిగా దాటేసిన ప్రక్రియలు అరుదు.

పరిమాణం దృష్ట్యా పెట్రోలియం శుద్ధి పెద్దది. ఐసోబ్యూటేన్‌ను ఓలిఫిన్లతో కలిపి ఎక్కువ ఆక్టేన్ గల ఆల్కైలేటు చేయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లమో హైడ్రోజన్ ఫ్లోరైడో వాడుతూ వచ్చారు. మొదటిది టన్ను ఉత్పత్తికి సుమారు 70 నుంచి 100 కిలోల మేరకు ఖర్చయిపోతుంది. రెండోదాని విషస్వభావం ఏమిటో 2019 జూన్‌లో ఫిలడెల్ఫియా రిఫైనరీలో ఆ ఆమ్లం వాడే యూనిట్‌లో జరిగిన పేలుడుతో మరోసారి బయటపడింది. బీజింగ్‌లోని చైనా పెట్రోలియం విశ్వవిద్యాలయం, రాగి లవణం కలిపిన క్లోరోఅల్యూమినేట్ ద్రవంతో ఒక పద్ధతి రూపొందించి, ఏడాదికి 65,000 టన్నుల పాత సల్ఫ్యూరిక్ ఆమ్ల యూనిట్‌ను మార్చి పరీక్షించింది. అమెరికాలో షెవ్రాన్ తన ఐసోఆల్కీ పద్ధతిని సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ యూనిట్ స్థానంలో నెలకొల్పింది, 2021లో అది పనిచేయడం ప్రారంభించింది.

మలేషియాలో సహజ వాయువు నుంచి పాదరసాన్ని తొలగించడానికి పెట్రోనాస్, ఉత్తర ఐర్లండ్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ బెల్‌ఫాస్ట్‌తో కలిసి, రాగి క్లోరైడ్ ఆధారిత అయానిక ద్రవాన్ని రంధ్రాలున్న ఘనపదార్థంలో ఇమిడ్చి వాడింది. పాదరసం అల్యూమినియం ఉష్ణవినిమయకాలను తినేస్తుంది కాబట్టి గ్యాస్ ప్లాంట్లకు ఇది ముఖ్యమైన పని. బెల్‌ఫాస్ట్‌లో 1999లో కెన్నెత్ సెడన్ నాయకత్వంలో ఏర్పడిన క్విల్ కేంద్రం ఈ రంగానికి ప్రధాన ఆలంబనగా నిలిచింది.

గ్రేనాకర్ పేటెంటు విషయం 2002లో రాబిన్ రోజర్స్ బృందం అలబామాలో మళ్లీ ముందుకు తెచ్చింది. ఆల్కైల్ ఇమిడజోలియం క్లోరైడ్‌లో సెల్యులోజు నేరుగా కరుగుతుందని చూపింది. ఫిన్లాండ్ పరిశోధకులు ఇదే దారిలో కలప గుజ్జు నుంచి ఐయాన్‌సెల్ దారం తీశారు. 2018 డిసెంబరులో ఆ దేశాధ్యక్షుని సతీమణి స్వాతంత్ర్య దినోత్సవ విందుకు ధరించిన గౌను ఆ దారంతో నేసినదే.

భారతదేశంలో కృషి ఎక్కువగా ప్రయోగశాల స్థాయిదే. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జె.ఎస్. యాదవ్ బృందం 2000 తరువాతి సంవత్సరాల్లో ఇమిడజోలియం ద్రవాలలో కర్బన సంశ్లేషణ మీద అనేక పత్రాలు ప్రచురించింది.

"హరిత ద్రావణులు" అన్న ప్రచారం మొదట్లో అవసరానికి మించి సాగింది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాలు నీటితో విచ్ఛిన్నమై విషపూరిత హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తాయని 2003లో రోజర్స్ బృందమే హెచ్చరించింది. పొడవైన కర్బన గొలుసులున్న కొన్ని ద్రవాలు జలచరాలకు హాని చేస్తాయి. ఆవిరి కాకపోవడం వల్ల గాలి చెడదు గాని, వాడిన ద్రవాన్ని స్వేదనం చేసి శుభ్రపరచడం మాత్రం కష్టమవుతుంది. ధర కూడా మామూలు ద్రావణుల కంటే ఎక్కువే. కాబట్టి ద్రావణిగా మాత్రమే వీటిని ఎంచుకున్న కర్మాగారాలు కొద్ది. ఉత్ప్రేరకాన్నో, ఉపఉత్పన్నాన్నో సులువుగా వేరుచేయగలిగిన చోటే ఇవి నిలదొక్కుకున్నాయి.